వెలుగునీడల ముసుగు

హైదరాబాదు నగరంలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుండి ఫిలింనగర్ వైపు సాగే దారిలో ప్రయాణించేవారికి అడుగడుగునా బొమ్మలే ఎదురవుతాయి. తెలుగు ఫిలిం చాంబరు, రామానాయుడు స్టూడియో, పద్మాలయా స్టూడియో వంటివన్నీ ఫిలింనగర్ చుట్టుపక్కలనే వెలిశాయి. అన్నపూర్ణ స్టూడియో, ప్రసాద్ ల్యాబ్స్ పక్కనే ఉన్న బంజారాహిల్స్‌లో ఉన్నాయి. విడుదలకు సిద్ధమైన చిత్రాల ప్రకటనలు ఈ దారుల వెంట నిలువెత్తున నిలబడి ఉంటాయి. ఆ బొమ్మలలో కెమెరా నుండి వచ్చినది వచ్చినట్లుగా ఉన్న బొమ్మ దాదాపుగా కనిపించదు. కథానాయకుని ముఖం మీది వెలుగును ఒకరు పెంచి ఉంటారు. అతని వెనుక కమ్ముకొన్న మేఘాల నలుపును మరికొంత చిక్కబరచి ఉంటారు. చీర అంచు మీది జరీని మెరిపించి, దాని పక్కనే ఉన్న గోడను మసకబరచి ఉంటారు. ఒకే బొమ్మలో ఒక చోట ఒక విధంగా, మరొక చోట మరొక విధంగా మార్పు చేయడానికి ఉపయోగపడే సాధనమే మాస్క్. మాస్క్ అంటే ముసుగు. ఆ ముసుగును చేతితో గీయడానికి పనికివచ్చే ఉపకరణం కుంచె, అనగా బ్రష్.

ఈ సాధనం అవసరం ఎందుకు కలిగిందో ముందుగా తెలుసుకోవాలి. ఎండ తీవ్రంగా ఉన్నపుడు వేపచెట్టు నీడలో నిలబడిన మనిషిని చూస్తే అతని ముఖమూ కనిపిస్తుంది, వెనుక ఉన్న నీలాకాశమూ కనిపిస్తుంది. కంటిపాప ఎప్పటికప్పుడు సర్దుకొంటుంది. కన్ను చూచిన ముక్కలన్నింటినీ మెదడు కలిపి ఒక్క దృశ్యంగా మార్చుకొంటుంది. కెమెరాకు ఆ సౌలభ్యం లేదు. అది ఒక్క క్షణంలో ఒకే కొలతతో కాంతిని లోనికి తీసుకొంటుంది. ముఖానికి తగినంత కాంతిని ఇస్తే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. ఆకాశానికి తగినంతే ఇస్తే ముఖం నల్లబడుతుంది. తరువాత కంప్యూటరులో బొమ్మ మొత్తాన్ని ప్రకాశవంతం చేసినా ఫలితం ఉండదు. ముఖం బాగుపడే లోపలే ఆకాశం పాడవుతుంది. కావలసింది బొమ్మ మొత్తానికి చేసే సవరణ కాదు, బొమ్మలో ఎంపిక చేసిన భాగానికే పరిమితమైన సవరణ.

ఈ ఆలోచన తెలుగువారికి కొత్త కాదు. పోచంపల్లి నేతగాళ్లు నూలును రంగులో ముంచడానికి ముందు కొన్ని చోట్ల గట్టిగా కట్టు కడతారు. కట్టిన చోట రంగు అంటదు. కట్టు విప్పి, మరొక చోట కట్టి, వేరొక రంగులో ముంచుతారు. మగ్గం మీదికి ఎక్కకముందే నూలులో చీర మీది బొమ్మ దాగి ఉంటుంది. కలంకారీ పనిలో కూడా నీలిరంగు తగలకూడని భాగాలను మైనంతో కప్పి, ఆపై వస్త్రాన్ని నీలిమందు తొట్టిలో ముంచే సంప్రదాయం ఉంది. నీలి తొట్టికి పువ్వేదో ఆకేదో తెలియదు. ఎక్కడ అంటాలో, ఎక్కడ అంటకూడదో నిర్ణయించేది మైనం పూసిన చేయి. ఛాయాచిత్రానికి వేసే ముసుగు చేసే పని సరిగ్గా ఇదే. అది వెలుగును పుట్టించదు, రంగును పుట్టించదు. వేరొకచోట సిద్ధం చేసిన మార్పు ఎక్కడికి చేరాలో, ఎక్కడ ఆగాలో మాత్రమే చెబుతుంది.

ఛాయాచిత్రకళ ప్రారంభమైన నాటినుండి ఛాయాగ్రాహకులు ఈ సమస్యతో పెనుగులాడుతూనే ఉన్నారు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా పేరుపొందిన రాజా దీన్ దయాళ్ కాలంలో బొమ్మలు గాజు పలకల మీద తీసేవారు. ఆనాటి పలకలు నీలిరంగు కాంతికి మితిమీరి స్పందించేవి. అందువల్ల ఆకాశం తరచు వట్టి తెల్లని గుడ్డవలె వచ్చేది. కొందరు ఛాయాగ్రాహకులు నెగెటివు మీద ఆకాశం ఉన్న భాగాన్ని రంగుతో కప్పివేసి, మేఘాలను వేరొక పలక నుండి తెచ్చి అచ్చువేసేవారు. తరువాతి కాలంలో కాగితం మీద బొమ్మను పెద్దదిగా అచ్చువేసే చీకటిగదులు వచ్చాయి. ఎర్రని మసక వెలుతురులో, దీపానికీ కాగితానికీ నడుమ సన్నని తీగకు అతికించిన అట్టముక్కను ఆడిస్తూ ముఖం మీద పడే కాంతిని కొంత ఆపేవారు. నెగెటివు ద్వారా తక్కువ కాంతి పడిన భాగం కాగితం మీద తేలికగా, ఎక్కువ కాంతి పడిన భాగం నల్లగా వస్తుంది కాబట్టి, అలా ఆపిన చోట ముఖం తేటపడేది. ఆకాశం నల్లబడాలంటే అరచేతులను దోసిలివలె వంచి, వేళ్ల సందునుండి ఆ భాగానికి మాత్రమే మరికొన్ని క్షణాలు కాంతిని పోసేవారు. అట్టను కదల్చకుండా పట్టుకొంటే దాని అంచు బొమ్మమీద గీతగా పడుతుంది. అందుకే చేయి నిరంతరం కదులుతూ ఉండాలి. నేటి ఫోటోషాప్‌లో డాడ్జ్, బర్న్ అనే పనిముట్లకు గుర్తులుగా ఉన్న తీగకు అతికించిన అట్టముక్క, వంచిన అరచేయి ఆ చీకటిగదుల నుండి వచ్చినవే. అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన చంద్రోదయ చిత్రం నెగెటివు ఒక్కటే. అయినా దశాబ్దాల పాటు ఆయన దానిని మళ్లీ మళ్లీ అచ్చువేస్తూ, ఆకాశాన్ని క్రమంగా మరింత నల్లగా దించారు.

తెలుగు చలనచిత్రరంగం ముసుగును చాలా ముందుగానే సొంతం చేసుకొంది. పరిశ్రమ ఇంకా మద్రాసులోనే ఉన్న రోజులలో, 1964లో విడుదలైన ‘రాముడు భీముడు’ దీనికి మంచి ఉదాహరణ. నిర్మాత డి.రామానాయుడు, దర్శకుడు తాపీ చాణక్య, రచయిత డి.వి.నరసరాజు. నందమూరి తారక రామారావు ఇందులో పిరికివాడైన రాముడుగా, ధైర్యశాలి అయిన భీముడుగా రెండు పాత్రలు ధరించారు. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఎదురెదురుగా కనిపించవలసిన సన్నివేశాలను ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ ముసుగు పద్ధతిలో చిత్రీకరించారు. అంతకుముందు ‘సీతారామ కల్యాణం’ చిత్రానికి కూడా ఛాయాగ్రహణం ఆయనదే. ట్రిక్ ఫోటోగ్రఫీలో ఆరితేరినవారుగా ఆయనకు పేరు.

ఆ పద్ధతి చెప్పడానికి సులభం, చేయడానికి కష్టం. కెమెరాను వెంట్రుకవాసి కూడా కదలకుండా బిగిస్తారు. కటకం ముందు నల్లని అట్టను అమర్చి, ఫ్రేములో కుడిసగాన్ని మూసివేస్తారు. ఎడమసగంలో నటుడు ఒక పాత్రగా నటిస్తాడు. తరువాత ఫిలింను మొదటినుండి వెనక్కు చుట్టి, అట్టను ఎడమవైపునకు మార్చి, కుడిసగాన్ని తెరుస్తారు. అదే నటుడు దుస్తులు మార్చుకొని వచ్చి, ఎదుట ఎవరూ లేని శూన్యంలోకి చూస్తూ రెండవ పాత్రగా సమాధానాలు చెబుతాడు. రెండు సగాలూ ఒకే ఫిలిం ముక్కమీద కలుస్తాయి. కలిసే గీత కనిపించకుండా ఉండడానికి ఏ స్తంభం అంచునో, తలుపు అంచునో ఎంచుకోవడం ఇటువంటి పనిలో వాడుక. దీపాల వెలుగు రెండుసార్లూ ఒకే తీరుగా ఉండాలి. నటుని చేయి పొరపాటున గీత దాటితే ఆ చేయి మాయమవుతుంది. ఫిలింను కడిగి చూచేవరకు పని కుదిరిందో లేదో తెలియదు. కుదరకపోతే ఆ రోజు శ్రమంతా వృథా. ముసుగుతో సాధ్యం కాని చోట్ల, అంటే ఇద్దరూ ఒకరినొకరు తాకవలసిన సందర్భాలలో, కైకాల సత్యనారాయణ రామారావుకు బదులుగా నిలబడ్డారు. ఆ చిత్రాన్ని నిర్మించిన రామానాయుడే తరువాతి కాలంలో ఫిలింనగర్ కొండమీద స్టూడియోను కట్టించారు.

అచ్చుపనిలో కూడా ముసుగు ఉండేది. ఆఫ్‌సెట్ ముద్రణకు పలకలు తయారుచేసేవారు రూబీలిత్ అనే ఎర్రని పలుచటి పొరను కత్తితో కోసి, కావలసిన భాగాన్ని తెరిచి, మిగిలినదానిని కప్పి ఉంచేవారు. ఆ ఎరుపు కార్మికుని కంటికి పారదర్శకంగానే కనిపిస్తుంది. కాని ముద్రణలో వాడే ఫిలింకు ఎరుపు రంగు కనిపించదు గనుక దాని దృష్టిలో అది నలుపుతో సమానం. నేటి సాఫ్ట్‌వేరులో ముసుగు వేసిన భాగాన్ని చూపమంటే అది ఎర్రని పొరగా కనిపించడం ఆ కత్తిపని మిగిల్చిన గుర్తు. ఈ సంగతి తెలియనివారు ఆ ఎరుపును చూచి బొమ్మ పాడయిందని మొదట కంగారుపడడం సహజం.

థామస్ నోల్, జాన్ నోల్ అనే అమెరికా సోదరులు రూపొందించిన ఫోటోషాప్ మొదటి రూపం 1990లో విడుదలైంది. వారిలో జాన్ నోల్ సినిమాలకు ప్రత్యేక ప్రభావాలు సమకూర్చే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థలో పనిచేసేవారు. 1994లో వచ్చిన మూడవ రూపంలో పొరలు, అంటే లేయర్లు చేరాయి. పొర మీద ముసుగు వేసే వీలు ఏర్పడిన తరువాత ఈ పని స్వరూపమే మారిపోయింది. అంతకుముందు సవరణ అంటే అసలు బొమ్మను మార్చడమే. పొరలు వచ్చిన తరువాత అసలు బొమ్మ అడుగున చెక్కుచెదరకుండా ఉంటుంది, మార్పు దానిమీద పరచిన పలుచటి తెరలో ఉంటుంది. తెర నచ్చకపోతే తొలగించవచ్చు. వేలాది చిత్రాలను త్వరగా సవరించవలసిన ఛాయాగ్రాహకుల కోసం వచ్చిన లైట్‌రూమ్‌లో 2008 నాటి రెండవ రూపం నుండి సవరణ కుంచె లభిస్తోంది. డబ్బు పెట్టి కొనలేని విద్యార్థులకు జింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులోనూ పొరలు, ముసుగులు, కుంచెలు ఉన్నాయి. సూత్రం అన్నింటిలోనూ ఒక్కటే.

ఆ సూత్రం ఇది. ముసుగు నిజానికి మరొక బొమ్మ. అసలు బొమ్మతో సమానమైన కొలతలు కలిగి ఉంటుంది. అయితే అందులో రంగులు ఉండవు. నలుపు, తెలుపు, వాటి నడుమ బూడిదఛాయలు మాత్రమే ఉంటాయి. తెల్లగా ఉన్న చోట మార్పు పూర్తిగా వర్తిస్తుంది. నల్లగా ఉన్న చోట అసలేమీ వర్తించదు. బూడిదరంగు ఉన్న చోట దాని గాఢతను బట్టి పాక్షికంగా వర్తిస్తుంది. సాధారణమైన ముసుగులో ఈ ఛాయలు 0 నుండి 255 వరకు మొత్తం 256. 128 వద్ద మార్పు సుమారు సగం మేరకు కనిపిస్తుంది. కుంచెతో తెల్లరంగు పూయడమంటే మార్పును ఆ చోటికి రానివ్వడం. నల్లరంగు పూయడమంటే దానిని వెనక్కు పంపడం. హద్దు దాటి పూసినా భయం లేదు, నలుపుతో తిరిగి కప్పవచ్చు. రబ్బరుతో చెరిపితే కాగితం చిరిగే ప్రమాదం ఉంటుంది. ముసుగును ఎన్నిసార్లు తిరగరాసినా అడుగున ఉన్న చిత్రానికి గీత కూడా పడదు.

ఒక ఉదాహరణతో ఈ పనిని వివరించవచ్చు. వేషాల కోసం కృష్ణానగర్‌లో గది తీసుకొని ఉంటున్న ఒక యువకుడు దర్శకులకు చూపడానికి కొన్ని ఫోటోలు తీయించుకొన్నాడనుకొందాం. జూబ్లీహిల్స్‌లో ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్న పెద్ద బండరాళ్ల ముందు, మధ్యాహ్నం మూడు గంటల ఎండలో బొమ్మ తీశారు. ఎండ వెనుకనుండి పడింది. భుజాల అంచులు వెలిగిపోతున్నాయి. ముఖం నీడలో ఉంది. కళ్ల కింద ఆ నీడ మరీ చిక్కగా ఉంది. బండలు ముఖం కంటె ప్రకాశవంతంగా ఉండి చూపును లాగివేస్తున్నాయి.

మొదట చేయవలసినది కుంచె పట్టడం కాదు, చూడడం. చిత్రంలో చూపు ఎక్కడికి పోతోంది, ఎక్కడికి పోవాలి అన్నది నిర్ణయించుకోవాలి. అటు తరువాత ముఖం కొరకు ఒక సవరణను సిద్ధం చేయాలి. కాంతిని అర స్టాపు పెంచితే తరచు సరిపోతుంది. ఒక స్టాపు అంటే కాంతి రెట్టింపు. పూర్తి స్టాపు పెంచితే ముఖం మాత్రమే వేరొక దీపం కింద ఉన్నట్లు అనిపించే అవకాశం ఉంది. ఈ మార్పును నల్లని ముసుగు వెనుక దాచి, ఆపై తెల్లని కుంచెతో ముఖం మీద మాత్రమే పూస్తూ వస్తే, నీడలోనుండి ముఖం నెమ్మదిగా బయటకు వస్తుంది. బండల కొరకు వేరొక పొర, వేరొక ముసుగు తీసుకోవాలి. అక్కడ కాంతిని కొంత తగ్గించాలి. ఒకే ముసుగుతో రెండు పనులూ చేయాలని చూడడం కొత్తగా నేర్చుకొనేవారు చేసే పని. తరువాత ఒకదానిని సవరించబోతే రెండవది చెడుతుంది.

కుంచెకు కొన్ని గుణాలు ఉన్నాయి. పరిమాణం సంగతి అందరికీ తెలిసినదే. ముఖ్యమైనది అంచు మెత్తదనం. దీనినే ఫెదర్ అంటారు. చెంప వంటి చోట వెలుగు నీడలోకి క్రమంగా జారుతుంది. అక్కడ మెత్తని కుంచె కావాలి. చొక్కా కాలరుకూ మెడకూ నడుమ గీత స్పష్టంగా ఉంటుంది. అక్కడ మెత్తని కుంచె వాడితే వెలుగు కాలరు మీదికి పొంగుతుంది. చీకటిగదిలో అట్టముక్కను ఆడించిన చేయి చేసిన పనినే నేడు ఈ ఫెదర్ చేస్తోంది. ఫ్లో అనేది ఒక్కొక్క పూతలో ఎంత రంగు పడాలో చెబుతుంది. దీనిని పదో పదిహేనో శాతానికి తగ్గించి, అదే చోట పలుమార్లు పూయడం అనుభవజ్ఞుల పద్ధతి. గోడకు సున్నం ఒకే పూతలో చిక్కగా వేస్తే చారలు కడుతుంది. పలుచగా మూడు పూతలు వేస్తే సమంగా వస్తుంది. కుంచె విషయమూ అంతే. డెన్సిటీ అనేది మాత్రం పైహద్దు. ఎన్నిసార్లు పూసినా ముసుగు ఆ హద్దును దాటదు. మౌసుతో కంటె ఒత్తిడిని గుర్తించే కలం, పలక ఉంటే పని సులువు. నొక్కిన కొద్దీ పూత చిక్కబడుతుంది.

చేయి ఎక్కడెక్కడ తిరిగిందో తెలుసుకోవడానికి ఎర్రని పొరను అప్పుడప్పుడు వెలిగించి చూడాలి. లైట్‌రూమ్‌లో ‘ఓ’ అక్షరపు మీట నొక్కితే అది కనిపిస్తుంది. చెవి దగ్గర పూయడం మరిచిన చోట, జుట్టు మీదికి పొర్లిన చోట అప్పుడు బయటపడతాయి. తరువాత బొమ్మను చిన్నదిగా చేసి, కొంత దూరం నుండి చూడాలి. దగ్గరగా చూచినపుడు చక్కగా కనిపించిన పని దూరం నుండి చూస్తే మనిషి చుట్టూ దేవతామూర్తుల పటాలలోవలె కాంతివలయం ఏర్పడినట్లు కనిపించవచ్చు. ఆకాశాన్ని నల్లబరచినపుడు తల చుట్టూ సన్నని తెల్లగీత మిగలడం తరచు జరిగే లోపం. చెట్ల కొమ్మల సందులలో ఈ దోషం మరీ ప్రస్ఫుటంగా ఉంటుంది. చిన్నపాటి ప్రకటనలో ఎవరూ గమనించని ఆ గీత నలభై అడుగుల బోర్డు మీద చేతివేలంత లావున నిలుస్తుంది.

కుంచె చేయలేని పని కూడా ఉంది. ఆకాశం పూర్తిగా తెల్లబడి, అక్కడ సమాచారమే నమోదు కాకపోతే ఎంత నల్లబరచినా వచ్చేది బూడిదరంగే కాని మేఘాలు కావు. సాధారణ జేపెగ్ చిత్రంలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు మాత్రమే ఉంటాయి. కెమెరా నమోదుచేసిన ముడి సమాచారాన్ని అలాగే భద్రపరిచే రా పద్ధతిలో 12 బిట్లయితే 4096, 14 బిట్లయితే 16384 మెట్లు ఉంటాయి. అందువల్ల నీడలను లేవదీయడానికి రా చిత్రమే అనుకూలం. అయినా చీకటిని మరీ ఎక్కువగా పైకి లాగితే ఇసుక చల్లినట్లు రేణువులు తేలుతాయి.

కదలని బొమ్మకు ఒక ముసుగు చాలు. కదిలే బొమ్మ సంగతి వేరు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 1440. నటుడు నడుస్తుంటే ముసుగు కూడా అతని వెంట నడవాలి. రంగుల సవరణ జరిగే డీఐ గదులలో దీనికోసం పవర్ విండోలు వాడతారు. ముఖం చుట్టూ ఒక వలయాన్ని గీసి, దాని అంచులను మెత్తబరచి, ఆ ముఖాన్ని అనుసరించమని యంత్రానికి ఆదేశిస్తారు. ముఖం అటు తిరిగినపుడో, అడ్డంగా ఎవరైనా నడిచినపుడో యంత్రం తడబడుతుంది. అక్కడ మనిషి కలుగజేసుకొని సరిచేయాలి. నేపథ్యాన్నే మార్చవలసిన చోట వలయం సరిపోదు. నటుని ఆకారాన్ని వేళ్లతో సహా ఒక్కొక్క ఫ్రేములో గీయవలసి వస్తుంది. దీనికి రోటోస్కోపీ అని పేరు. మాక్స్ ఫ్లైషర్ అనే యానిమేషన్ కళాకారుడు శతాబ్దం క్రితం పేటెంటు పొందిన పరికరం పేరు దీనికి స్థిరపడింది. హైదరాబాదులోని మకుట సంస్థ ప్రభావాలు సమకూర్చిన ‘ఈగ’ చిత్రానికి 2012 సంవత్సరానికి జాతీయ పురస్కారం లభించింది. తెరమీద ఈగను చూచి చప్పట్లు కొట్టిన ప్రేక్షకులకు, ఫ్రేము తరువాత ఫ్రేముగా అంచులు గీసినవారి పని కనిపించదు. కనిపించకపోవడమే ఆ పనికి కొలమానం.

ముసుగు పనికి తెలుగునాట జరిగిన పెద్ద పరీక్ష ‘మాయాబజార్’. 1957 నాటి ఈ నలుపు తెలుపు చిత్రానికి హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులు అద్ది, 2010 జనవరి 30న విడుదల చేసింది. సుమారు 165 మంది ఎనిమిది నెలలపాటు ఈ పనిలో పాల్గొన్నారు. మూడు గంటలు నడిచే చిత్రమంటే రెండున్నర లక్షలకు పైగా ఫ్రేములు. రంగులద్దే పనిలో ముఖానికి ఒకటి, కిరీటానికి ఒకటి, పట్టుచీరకు ఒకటి, వెనుక తెరకు ఒకటిగా ముసుగులు ఏర్పడతాయి. ముఖ్యమైన ఫ్రేములలో మనిషి హద్దులు నిర్ణయిస్తే, నడిమి ఫ్రేములలో యంత్రం వాటిని అనుసరిస్తుంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే దీపాలతో తీర్చిన వెలుగునీడల క్రమం అడుగున ఉంటుంది, రంగు దానిమీద తెరగా పడుతుంది. అయినా ఈ ప్రయత్నం అందరికీ రుచించలేదు. బార్ట్‌లే సృష్టించిన వెన్నెలకు రంగు అవసరమా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆయన నలుపు తెలుపులను దృష్టిలో ఉంచుకొనే వెలుగును పంచారు. రంగు చేరగానే చూపు వెలుగును వదలి వస్త్రాలమీదికి పోతుంది. మరొకవైపు, నలుపు తెలుపు చిత్రమంటే ఛానలు మార్చే తరం ఆ చిత్రాన్ని థియేటరులో చూడగలిగింది. పాత చిత్రం పాత రూపంలో కూడా అందుబాటులో ఉండడం వల్లనే ఈ వాదానికి ఇరుపక్షాలూ నిలబడగలుగుతున్నాయి.

మళ్లీ కృష్ణానగర్ యువకుని వద్దకు రావాలి. ముఖం నీడలోనుండి బయటపడింది. కుంచె ఇంకా చేతిలోనే ఉంది. అదే కుంచెతో, అదే ముసుగుతో, అతని చామనఛాయను మరో రెండు మెట్లు తెల్లబరచడం అర నిమిషం పని. ముక్కును సన్నబరచవచ్చు, మొటిమ మచ్చను తుడవవచ్చు. పరిశ్రమలో తెల్లని మేనికి ఉన్న మోజు తెలిసినవారు అలా చేయమని అడగడమూ ఉంది, అడగకుండానే చేసి ఇవ్వడమూ ఉంది. ఎండ వల్ల కలిగిన నీడను తొలగించడం వేరు, పుట్టుకతో వచ్చిన రంగును తొలగించడం వేరు. మొదటిది కెమెరా చూడలేకపోయినదానిని చూపుతుంది. రెండవది అక్కడ లేని మనిషిని చూపుతుంది. ఆ ఫోటోను చూచి పిలిచిన దర్శకుని ముందు నిలబడేది ఫోటోలోని యువకుడు కాడు. మేకప్పు గదిలో అద్దం ముందు అతడు తన ముఖాన్నే తప్పుగా భావించవలసి రావడం ఆ కుంచె చేసిన నష్టం. మొటిమ మచ్చ సంగతి ఇంత తీవ్రమైనది కాదు, తరచు కొంతకాలానికి తనంతట తాను పోయేదే. పుట్టుమచ్చను తుడవాలా వద్దా అని ఆ యువకుని అడిగి చేయడం మర్యాద.

చర్మపు రంగును బట్టి మనిషిని తక్కువ చేసి చూపే ప్రకటనల విషయంలో భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాలు జారీచేసింది. ఫ్రాన్సు దేశంలో 2017 అక్టోబరు నుండి మోడళ్ల శరీరాకృతిని మార్చి చూపిన వాణిజ్య చిత్రాలపై ఆ సంగతిని ముద్రించడం తప్పనిసరి అయింది. సినిమా ప్రకటన కల్పన కాబట్టి దానికి కొంత వెసులుబాటు ఉంది. వార్తాచిత్రానికి అది లేదు. ప్రపంచ వార్తాచిత్రాల పోటీ అయిన వరల్డ్ ప్రెస్ ఫోటోలో 2015లో చివరి దశల వరకు చేరిన చిత్రాలలో ఇరవై శాతం తిరస్కరణకు గురయ్యాయి. చిన్నచిన్న వివరాలను తుడిచివేయడం, నేపథ్యంలోని సంగతులు కనిపించకుండా పోయేంతగా నల్లబరచడం అందుకు ముఖ్య కారణాలు. నీడను చిక్కబరచే కుంచె ఒక హద్దు దాటితే తుడిచివేసే గుడ్డగా మారుతుంది. రెంటికీ నడుమ కంప్యూటరు తెరమీద గీత ఏదీ కనిపించదు.

ఇటీవలి కాలంలో ముసుగు గీసే శ్రమ చాలా తగ్గింది. 2021 అక్టోబరులో వచ్చిన లైట్‌రూమ్ రూపంలో ‘ఆకాశం’, ‘సబ్జెక్ట్’ అన్న ఎంపికలను ఒక్క నొక్కుతో ముసుగుగా మార్చే ఏర్పాటు చేరింది. లక్షలాది బొమ్మలను చూచి నేర్చుకొన్న యంత్రం మనిషి ఎక్కడ ముగిసి బండరాయి ఎక్కడ మొదలవుతుందో క్షణాలలో గుర్తిస్తుంది. పెళ్లి ఫోటోలు తీసేవారికి ఇది పెద్ద ఊరట. అయితే జడలో తురిమిన మల్లెదండ దగ్గర, గాలికి లేచిన ముంగురుల దగ్గర, పలుచని ఓణీ గుండా గోడ కనిపించే చోట యంత్రం ఇప్పటికీ తప్పటడుగులు వేస్తూ ఉంటుంది. మల్లెపూలను మనిషిగా గుర్తించదు, లేదా పూల సందులలోని గోడను కూడా మనిషిలో కలిపివేస్తుంది. అక్కడ బొమ్మను రెండు వందల శాతానికి పెద్దదిగా చేసి, కుంచెను పువ్వు రెక్కంత చిన్నదిగా మార్చి, ఫ్లోను పది శాతానికి దించి, పువ్వు వెంట పువ్వుగా తెలుపు పూసుకొంటూ, గోడ తగిలిన చోట నలుపుతో వెనక్కు తీసుకొంటూ పోవలసిందే. పని పూర్తయిన తరువాత పొరలన్నీ విడివిడిగా ఉన్న ఫైలును ఒకచోట భద్రపరచి, పంపవలసినవారికి దాని ప్రతిని మాత్రమే పంపాలి. ఆరు నెలల తరువాత ఎవరైనా వచ్చి ముఖం కొంచెం తగ్గించమని అడిగితే, ఆ ఫైలును తెరిచి ఒక్క ముసుగును సవరిస్తే చాలు.